ముందు అవతలివాళ్ళ మాట

యూనివర్సిటీలో గేటు దగ్గరి వాచ్‌మన్ మొదలుకొని వైస్ ఛాన్సలర్ దాకా అందరూ ఆవిణ్ణి అన్నీ మేడం అనేవారు. వెక్కిరింతగా పుట్టిన పేరే అది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా, "మీరే సబ్జెక్టు చెబుతారు మేడం?" అని అడిగితే ఆవిడ ఏ మాత్రం తడుముకోకుండా "అన్నీ" అనేది. చరిత్రలో ఒక డిగ్రీ, సాహిత్యంలో ఇంకో డిగ్రీ, తత్వశాస్త్రంలో సగంలో ఆగిపోయిన పరిశోధన. ఇన్ని చదివితే ఏం లాభం? చరిత్రవాళ్ళు ఆవిడ సాహిత్యం మనిషన్నారు, సాహిత్యంవాళ్ళు తత్వం మనిషన్నారు, తత్వంవాళ్ళయితే అసలు మనిషే కాదన్నట్టు చూశారు. చివరికి ఆవిణ్ణి అక్కున చేర్చుకున్నది ఒక్క ఉమ్మడి ఏడాదే.

ఉమ్మడి ఏడాది అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఆర్ట్స్ వైపు చేరిన పిల్లల్లో ఇష్టమున్నవాళ్ళు మొదటి ఏడాది ఏ డిపార్టుమెంటుకీ పోకుండా, చరిత్ర, సాహిత్యం, తత్వం, చిత్రకళ నాలుగూ ఒకే గదిలో, ఒకే బల్ల చుట్టూ కూర్చుని చదువుకునే ఏర్పాటు. నెలకొక సంగతి ఎత్తుకునేవారు. అంటురోగం అనుకోండి. పాతకాలంలో ఒక ఊళ్ళో రోగం సోకిన ఇళ్ళకి బయటినుంచి తాళాలు వేసిన వైనం చరిత్ర మాస్టారు చెప్పేవాడు. ఆ ఇళ్ళ లోపల ఉన్నవాళ్ళ గురించి రాసిన కథలు మన మేడం చదివించేది. బొమ్మల మాస్టారు ఆనాటి బొమ్మలు గోడమీద వేసి చూపించేవాడు. ఆఖరి వారం అందరూ కూర్చుని, ఒకరి తలుపుకి ఇంకొకరు తాళం వెయ్యొచ్చా అని తేల్చుకునేవారు. తేల్చుకోవడమని పేరేగానీ, తేలిందెప్పుడు? గంట కొట్టాక కూడా మెట్లమీద వాదులాడుకుంటూ పోయేవారు.

గది సంగతి కూడా చెప్పుకోవాలి. కెమిస్ట్రీవాళ్ళు కొత్త భవనంలోకి మారుతూ వదిలేసిన ల్యాబు అది. గ్యాసు గొట్టాలకి సీళ్ళు వేసి ఉండేవి. మూలన ఒక పెద్ద పింగాణీ సింకు. వానాకాలంలో పిల్లలు తడిసిన గొడుగులన్నీ తెచ్చి అందులో పడేసేవారు. ఎత్తులు కలవని నాలుగు బల్లల్ని దగ్గరకి జరిపి, కాళ్ళ కింద అట్టముక్కలు మడిచిపెట్టి, ఒకే బల్ల అనిపించుకున్నారు. ఎన్నేళ్ళయినా ఆ గోడల్లోంచి యాసిడ్ వాసన పోలేదు. మేడం బట్టలకీ అంటుకునేది. ఆవిడ భర్తకి బజారులో కళ్ళద్దాల కొట్టుంది. సాయంత్రం ఆవిడ కొట్లో అడుగుపెట్టగానే, "పాఠాలు చెప్పి వస్తున్నావా, పాయిఖానాలు కడిగి వస్తున్నావా?" అని ఆటపట్టించేవాడు.

ఆ గదిలో ఒకే ఒక్క రూలుండేది. ఉమ్మడి ఏడాదిని మొదలుపెట్టిన పెద్దాయన పెట్టిన రూలు. ఆయన పోయాక దాన్ని పట్టుకుని వేలాడింది మేడమే. ఎవరి మాటకైనా జవాబు చెప్పాలంటే ముందు ఆ మాటని మన నోటితో తిరిగి చెప్పాలి. వెటకారం కూడదు, నీళ్ళు కలపకూడదు. వీలైతే వాళ్ళకంటే గట్టిగా చెప్పాలి. చెప్పి, "మీ మాట ఇదేనా?" అని అడగాలి. వాళ్ళు "ఇదే" అంటేనే మన వంతు. "ఇంకా ఒకటి మిగిలింది" అంటే ఆ మిగిలింది కూడా కలిపి మళ్ళీ చెప్పాలి. ముందు అవతలివాళ్ళ మాట, తర్వాతే మన మాట. మొదటి నెలలో పిల్లలకి పిచ్చెక్కినట్టుండేది. "ఇదేం గోల మేడం, తిట్టాలనిపించినప్పుడు తిట్టనివ్వరా?" అని గింజుకునేవారు. "తిట్టండి, ఎవరొద్దన్నారు? వాళ్ళేమన్నారో చెప్పాక తిట్టండి" అనేది ఆవిడ. చెప్పడం పూర్తయ్యేసరికి తిట్టే ఊపు సగం చచ్చేది.

ఇంట్లో కూడా ఇదే వరస. "ఇల్లు పట్టదు, కొట్టు పట్టదు, ఆ యాసిడ్ కొంప తప్ప నీకు లోకం లేదు!" అని భర్త కేకలేస్తే ఆవిడ నింపాదిగా ఎదురుగా కూర్చునేది. "అంటే మీరనేదేమిటీ, పొద్దస్తమానం ఎవరెవరి కళ్ళకో అద్దాలు అమర్చి అలసిపోయి వస్తే, ఇంట్లో మీ మొహం చూసే దిక్కు లేదని. అంతేనా?" అనేది. ఆయన అనుకున్నదానికంటే ఆవిడ చెప్పిందే బాగుండేది. కోపం కాస్తా జారిపోయి, "ఆ... అదే" అని నీళ్ళు నమిలేవాడు. "నీతో పోట్లాడ్డానికి కూడా రాసిపెట్టి లేదే నాకు! అవునుగానీ, ఎప్పుడూ నా మాటే నాకు చెబుతావు, నీ మాటెప్పుడు చెబుతావు?"

"నా వంతు రానివ్వండి, చెబుతా" అని ఆవిడ నవ్వేసేది. ఆ వంతు వచ్చేసరికి కుక్కరు కూత పెట్టేది, లేకపోతే ఎవరో తలుపు తట్టేవారు. ఆయన చెల్లెలు వచ్చినప్పుడల్లా, "వదినా, ఇంతకీ కాలేజీలో నువ్వేం పాఠం చెబుతావో ఈసారైనా చెప్పవే, మావాళ్ళు అడుగుతున్నారు" అనేది. ఆవిడ ముందుగా ఆ ఆడపడుచు అత్తగారు ఏమనుకుంటున్నారో వివరంగా చెప్పి, తను చెప్పాల్సింది మర్చిపోయేది.

ఇలాంటి మనిషి చేతికి చిక్కాడు తిరకాసు అనే కుర్రాడు.

చేరిన కొత్తలో వాడు నోట్లో నాలుక లేనివాడు. తండ్రికి లారీలు బాగుచేసే షెడ్డుండేది. అక్కడ సుత్తి మోతలో ఆయన కేక తప్ప ఇంకో గొంతు లేవదు, ఇంట్లోనూ అంతే. కుర్రాడు బల్ల చివర కూర్చుని, అట్టముక్క పెట్టిన బల్లకాలుని బూటుతో కదుపుతూ ఉండేవాడు. పేరు పిలిస్తే చెవులు ఎర్రబడేవి. మేడం చూసి చూసి ఒకరోజు, "నీ మాట వద్దులే బాబూ. నీ పక్కమ్మాయి ఇప్పుడేమందో అది చెప్పు, చాలు" అంది.

వాడు లేచి, తల వంచుకుని, చెప్పాడు. ఒక్క ముక్క పోకుండా చెప్పాడు. ఆ పిల్ల మధ్యలో మింగేసిన సంగతి కూడా బయటికి లాగి చెప్పాడు. ఆ పిల్ల నోరు తెరిచి, "నేనింత బాగా చెప్పానా?" అంది. అందరూ గొల్లుమన్నారు. వాడు కూడా నవ్వాడు. అదే మొదలు.

ఆ తర్వాత పట్టపగ్గాల్లేవు. అంటురోగం నెలలో వాడు, తాళం వెయ్యాల్సిందేనని వాదించాడు. ఎదుటివాళ్ళు వాడి మాట తిరిగి చెబితే ఒక పట్టాన ఒప్పుకునేవాడు కాదు. "ఇంకా ఒకటి మిగిలింది" అనేవాడు. మళ్ళీ చెబితే, "ఊహూ, ఇంకా ఒకటి." పిల్లలు తలలు పట్టుకునేవారు. "తిరకాసు వెధవా!" అన్నాడొకడు. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. మేడం మాత్రం మురిసిపోయేది. "అదీ! అలా ఉండాలి. వాడికి మిగిలిందంటే మీరు వినలేదనే అర్థం" అని వాణ్ణి వెనకేసుకొచ్చేది.

ఒకనాడు వాడు సింకులోంచి గొడుగు తీసుకుంటూ, అందరూ వెళ్ళాక ఆవిడ దగ్గరికొచ్చాడు. "మేడం, నిన్న మా నాన్న అరుస్తుంటే ఆయన మాట ఆయనకే తిరిగి చెప్పాను."

"కొట్టాడా?" అంది ఆవిడ కంగారుగా.

"లేదు మేడం. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన కూర్చోగా ఎప్పుడూ చూడలేదు నేను."

ఆ మాట ఆవిడ ఎన్నేళ్ళు చెప్పుకుందో! కొట్లో భర్తకి చెప్పింది, స్టాఫ్ రూములో చెప్పింది, ఏటా చేరే కొత్త పిల్లలకి చెప్పింది. తనని ఏ డిపార్టుమెంటూ చేర్చుకోలేదన్న దిగులు ఎప్పుడైనా కమ్ముకుంటే, స్టూలు మీద కూర్చున్న ఆ మెకానిక్కుని తలుచుకుని లేచేది.

కాలం ఊరుకుంటుందా? తిరకాసు పై చదువులు చదివాడు, ఎక్కడెక్కడో ఆఫీసుల్లో పనిచేశాడు, చివరికి అదే యూనివర్సిటీకి డిప్యూటీ రిజిస్ట్రార్‌గా తిరిగొచ్చాడు. మొదటిరోజే ఆ గదికొచ్చి, ఎండ మండిపోతున్నా చేతిలో ఉన్న గొడుగుని తీసుకెళ్ళి సింకులో పడేశాడు. మేడంకి ఒళ్ళు పులకరించింది. గది కప్పు కారుతోందని తెలిసి మనుషుల్ని పంపి దగ్గరుండి బాగుచేయించాడు. ఆ ఏడాదంతా ఆవిడ నేలమీద నడిస్తే ఒట్టు.

మరుసటి ఏడు ఉమ్మడి ఏడాదిని ఎత్తేస్తున్నారన్న కబురు వచ్చింది.

యూనివర్సిటీ పాలక బోర్డు సమావేశంలో తేలుస్తారట. ఎత్తెయ్యాలన్న వాదన చెప్పేది తిరకాసే. నిలబెట్టాలన్న వాదన చెప్పుకోవడానికి ఉమ్మడి ఏడాది మాస్టార్లకి పావుగంట ఇచ్చారు. చరిత్ర మాస్టారికీ బొమ్మల మాస్టారికీ వాళ్ళ వాళ్ళ డిపార్టుమెంట్లున్నాయి, మూసేస్తే అక్కడికి పోతారు. మేడంకి మాత్రం ఆ గది పోతే నిలబడ్డానికి గుమ్మం లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. మాట్లాడాల్సింది మేడమేనని మాత్రం ఒప్పుకున్నారు. ఆవిడ నోరు తెరిస్తే రాళ్ళు కూడా వింటాయని వాళ్ళ నమ్మకం.

"ఒక్క మాట వినండి మేడం" అన్నాడు చరిత్ర మాస్టారు. "అక్కడ మన రూలూ గీలూ పెట్టకండి. అది క్లాసు కాదు. లేవగానే సూటిగా మన మాట చెప్పేయండి."

"రూలు వదిలేసి రూలుని కాపాడమంటారా?" అంది ఆవిడ.

"ముందు గది దక్కించుకుందాం. రూలు సంగతి తర్వాత చూసుకోవచ్చు."

"ఆ గదిలో రూలు కాక ఇంకేముందండీ? సీలేసిన గొట్టాలూ, సింకూను. అయినా అక్కడ కూర్చునేది ఎవరు? మన తిరకాసే. వాడికి రూలు తెలుసు. వాడి మాట నేను చెప్పడం ఎంతసేపు, వాడు 'ఇదే' అనడం ఎంతసేపు? మూడు నిమిషాల పని. మిగిలిందంతా మనదే."

బొమ్మల మాస్టారు ఇంకేదో చెప్పబోయాడు. ఆవిడ వినిపించుకోలేదు. ఎంత మొండి మనిషండీ! బతుకంతా ఇతరుల మాట వినమని చెప్పిన మనిషి ఆ ఒక్కరోజూ తనవాళ్ళ మాట వినలేదు.

బోర్డు గదిలో పొడుగాటి బల్ల, నున్నగా మెరుస్తోంది. కాళ్ళ కింద అట్టముక్కలు లేవు. వైస్ ఛాన్సలర్ మధ్యలో, సభ్యులు అటూ ఇటూ. తిరకాసు లేచి చెప్పాడు. వీళ్ళవైపు చూడకుండా, గొంతు పెంచకుండా చెప్పాడు. ఏటా చేరేవాళ్ళు తగ్గిపోతున్నారు. మాస్టార్లంతా ఒకే గదిలో కూర్చుంటే వాళ్ళ వాళ్ళ డిపార్టుమెంట్లలో క్లాసులు ఖాళీగా ఉంటున్నాయి. ఏడాది చదివిన పిల్లల్ని ఏం నేర్చుకున్నారని అడిగితే చెప్పలేకపోతున్నారు. కంప్యూటర్లు పెట్టడానికి గది కావాలి. చెప్పి కూర్చున్నాడు.

మేడం లేచింది.

"అధికారిగారు మెత్తగా చెప్పారు. నేను ఇంకొంచెం గట్టిగా చెబుతాను" అంది. "ఇంటిల్లిపాదిలో మొదటిసారి కాలేజీ గుమ్మం తొక్కిన పిల్ల ఉందనుకోండి. ఏడాదిపాటు మా గదిలో వినడం, మాట్లాడ్డం నేర్చుకుని ఇంటికెళితే తల్లి అడుగుతుంది, 'ఏం చదివావే ఏడాదంతా?' అని. ఆ పిల్ల దగ్గర ఆ తల్లికి అర్థమయ్యే జవాబుండదు. పక్కింటి పిల్ల అప్పటికే ఏదో ఒక విద్యలో ఏడాది ముందుంటుంది. మేం ఆ పిల్లకి చేసింది మేలా, అన్యాయమా? అధికారిగారు అడిగేది ఇదీ." తిరకాసువైపు తిరిగింది. "మీ మాట ఇదేనా?"

వెనక్కి వాలి ఉన్న సభ్యులు ముందుకి వంగారు. ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తిరకాసు తలెత్తాడు.

"చాలావరకు ఇదే మేడం. ఇంకా ఒకటి మిగిలింది."

ఆవిడ మొహం వికసించింది. పాత తిరకాసే! అంతమంది పెద్దల మధ్య వాడూ తనూ మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చున్నట్టనిపించింది. "చెప్పండి" అంది.

"ఏ డిపార్టుమెంటూ లేని మాస్టార్ల సంగతి. ఉమ్మడి ఏడాది ఎంతకాలం సాగితే అంతకాలం వాళ్ళు ఎటూ కాకుండా ఉండిపోతారు."

అలాంటి మాస్టారు అక్కడ ఒక్కరే ఉన్నారు. మేడం బల్ల అంచు పట్టుకుంది. తర్వాత, రూలు రూలే కాబట్టి, ఆ మాట కూడా తిరిగి చెప్పింది. "ఒక మనిషి ఉందనుకోండి. నాలుగు చదువులూ కొంచెం కొంచెం వచ్చు. ఈ గది ఆవిడకి నీడనిచ్చింది. నిజమే, కానీ ఆ నీడ దొరకబట్టే ఆవిడ ఇంకో చోటు వెతుక్కోలేదు. ఒక పరిశోధన పూర్తి చెయ్యలేదు. వయసైపోయాక చూసుకుంటే, ఇన్నేళ్ళూ ఏ ఇంటి మనిషీ కాదు. ఇలాంటివాళ్ళని ఇంకా తయారుచెయ్యడం మంచిదేనా అని అధికారిగారు అడుగుతున్నారు." ఆవిడ మళ్ళీ వాడివైపు తిరిగింది. "ఇదేనా?"

"ఇదే మేడం. కానీ ఇంకా ఒకటి మిగిలింది."

ఈసారి ఆవిడ నవ్వలేదు. పక్కన కూర్చున్న చరిత్ర మాస్టారు ఆవిడ మోచేతిని గట్టిగా పొడిచాడు.

"ఆ గది కప్పు" అన్నాడు తిరకాసు, కాగితాల్లోకి చూస్తూ. "వానొస్తే కారుతుంది. పిల్లలకి ప్రమాదం."

కప్పు! దగ్గరుండి వాడు బాగుచేయించిన కప్పు! అప్పుడు తెలిసింది ఆవిడకి. గోడమీద గడియారం వైపు చూసింది, వాడివైపు చూసింది. వాడి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, మొదటిరోజుల్లోలాగే. "చాలు, ఇక నా మాట వినండి" అన్న ముక్క నోటిదాకా వచ్చింది. అనేస్తే ఎవరూ ఆపేవారు కాదు. ఆ గదిలో ఆ రూలు తెలిసినవాళ్ళే నలుగురు. కానీ జీవితమంతా ఒక్కసారి కూడా దాటని గీత అది. దాన్ని ఇక్కడ, దానికోసమే దాటాలంటే ఆవిడకి కాలు రాలేదు. కప్పు కారకపోయినా కారుతుందనే చెప్పింది, కింద కూర్చున్న పిల్లల నెత్తిన పెచ్చులూడితే జవాబుదారీ ఎవరని కూడా అడిగింది. అబద్ధమని తెలిసీ ఆ వాదనని కూడా నిలబెట్టింది.

"సమయం అయిపోయింది మేడం" అన్నాడు వైస్ ఛాన్సలర్. "ఇంత నిజాయితీగా మాట్లాడేవాళ్ళని నేను చూడలేదు."

"మేడమే ఒప్పుకున్నాక ఇంకేముంది?" అన్నాడు ఇందాక కళ్ళద్దాలు తుడుచుకున్న సభ్యుడు. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు.

చరిత్ర మాస్టారు లేచి, "అయ్యా, మా మాట ఇంకా మొదలే కాలేదు!" అని అరిచాడు. కూర్చోమన్నారు. మూసెయ్యాలనేవాళ్ళు చేతులెత్తమన్నారు. అన్ని చేతులూ లేచాయి.

బయట వరండాలో పాత కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. మాస్టార్లిద్దరూ ఆవిడతో మాట్లాడకుండానే మెట్లు దిగిపోయారు. వాళ్ళనేం తప్పుపట్టగలం? ఆవిడ ఒక కుర్చీ పట్టుకుని నిలబడింది. కాసేపటికి వెనకనుంచి అడుగుల చప్పుడు వినిపించింది.

"మేడం."

ఆవిడ తిరగలేదు. "నిజంగా మిగిలిందిరా?"

"మొదటిది నిజంగానే మిగిలింది మేడం. ఆ మాట మీకు ఎప్పటినుంచో చెప్పాలనుకున్నాను. రెండోది... మీకు తెలుసు."

"ఎందుకురా?"

"మూసెయ్యడం ముందే ఖాయమైపోయింది. ఆ పని పూర్తిచెయ్యమని నాకప్పగించారు. కానీ మీరు మాట్లాడ్డం మొదలుపెడితే ఒకరిద్దరైనా చెయ్యెత్తకపోయేవారేమో. వాళ్ళ సంగతి అలా ఉంచండి, నేనే లేచి మీ పక్కన నిలబడతానేమోనని భయమేసింది. అందుకని మిమ్మల్ని మొదలుపెట్టనివ్వలేదు."

వాడు దగ్గరికొచ్చాడు. "మీ మాట నేను చెప్పనా మేడం?"

ఆవిడ జవాబు చెప్పేలోపే వాడు మొదలుపెట్టాడు.

"మా గదికొచ్చే పిల్లల్లో చాలామంది, తాము చెప్పేది ఎవరైనా చివరిదాకా వినగా ఎరగరు. ఇంట్లో కేకలు, బళ్ళో బెత్తాలు. ఇక్కడ మొదటిసారి ఒకరు వాళ్ళ మాట పూర్తిగా విని, తిరిగి చెప్పి, 'ఇదేనా?' అని అడుగుతారు. అలా అడిగించుకున్న పిల్లవాడు మళ్ళీ పాత మనిషి కాలేడు. ఆ తర్వాత వాడు చరిత్రకి పోనీ, లెక్కలకి పోనీ, లారీలు బాగుచేసుకోనీ, ఎదుటివాడు మనిషని వాడికి తెలుసు. దాన్ని ఏ డిపార్టుమెంటూ నేర్పదు, నేర్పలేదు. ఏం నేర్చుకున్నావని తల్లి అడిగితే ఆ పిల్ల జవాబు చెప్పలేదంటారు. తల్లి మాట తల్లికే తిరిగి చెప్పగలదు. ఆ తల్లితో అప్పటిదాకా ఎవరూ అలా మాట్లాడి ఉండరు. ఆ గదిలోకి నోరు లేనివాడొకడు వచ్చాడు. వాడు వెళ్ళి వాళ్ళ నాన్నని స్టూలుమీద కూర్చోబెట్టాడు." వాడు రూలు ప్రకారం అడిగాడు. "మీ మాట ఇదేనా మేడం?"

ఎంత బాగా చెప్పాడు! తను చెప్పినా అంత బాగా వచ్చేది కాదు. వినాల్సిన గదిలో కుర్చీలు జరుపుతున్న చప్పుడు, నవ్వులు, టీ కప్పుల శబ్దం. ఆ మాటలు విన్నది పేర్చిన కుర్చీలే. కాదనాలనిపించింది ఆవిడకి. "ఇంకా ఒకటి మిగిలింది" అని వాణ్ణి అక్కడే, ఆ వరండాలోనే, సాయంత్రందాకా నిలబెట్టాలనిపించింది. కానీ ఏమీ మిగల్లేదు.

"ఇదే బాబూ" అంది.

లోపలినుంచి ఎవరో వాణ్ణి పిలిచారు. వాడు వెళ్ళిపోయాడు.

ఆవిడ యాసిడ్ గదికి వెళ్ళలేదు. గేటుదాకా నడిచింది, వాచ్‌మన్ లేచి నిలబడితే చూడకుండానే దాటింది. కొట్టుకి వెళ్ళేసరికి భర్త సగం షట్టరు దించి, వాకిట్లో నిలబడి ఉన్నాడు. పొద్దున్నుంచీ ఆయనకి ఏ పనిమీదా ధ్యాస లేదు. ఎవరికో దూరపు చూపు అద్దాల బదులు దగ్గర చూపువి బిగించి తిట్లు కూడా తిన్నాడు. ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళి, కళ్ళు పరీక్షచేసే కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎదుట గోడమీద పెద్దవీ చిన్నవీ అక్షరాలున్నాయి.

"ఏమైందే?"

"వాళ్ళు చెప్పేదాంట్లోనూ న్యాయముందండీ" అని మొదలుపెట్టింది ఆవిడ. "ఏటా చేరేవాళ్ళు తగ్గుతున్నారు. ఒక పిల్ల ఉందనుకోండి, ఇంటికెళితే తల్లి..."

"ఛీ, ఆపు!" అన్నాడాయన. అంత గట్టిగా ఆయన ఎప్పుడూ అరవలేదు. "వాళ్ళ మాట నాకెందుకే? ఇన్నేళ్ళ కాపురంలో ముందు నీ మాట ఒక్కటి వినలేదు నేను. ఈ ఒక్కసారికి ముందు నీ మాట చెప్పు. ఏమైంది?"

ఆవిడ నోరు తెరిచింది. ముందు ఎవరి మాటో ఉంటేనేగానీ ఆవిడకి మొదలుపెట్టడం చేతకాదు. గోడమీద అక్షరాలవైపు చూస్తూ కూర్చుంది. ఆయన కూడా స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ చూపు ఆ స్టూలు మీద నిలిచింది.

"నా బడి మూసేశారండీ" అంది.

ఆ మాటతో కట్ట తెగింది. కొట్లో, పగటిపూట, వచ్చేపోయే జనం షట్టరు కిందనుంచి చూస్తున్నా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఓదార్చడం ఆయనకి రాదు. వచ్చిందల్లా ఆవిడ దగ్గర చూసి చూసి అలవాటైనదొకటే.

"నీ బడి మూసేశారు" అన్నాడు మెల్లగా. "అంతేనా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. చేత్తో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నిండాయి.

"ఇంకా ఒకటి మిగిలింది" అంది. "మూసింది నా పిల్లాడేనండీ."

ఆయన ముందుకి వంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"మూసింది నీ పిల్లాడే" అన్నాడు.

ఆవిడ అవునని తలూపింది.